జెల్ల ముల్లు, మా అమ్మ రక్తపరీక్ష

వేట నిషేధం ముగిసి బోట్లు తిరిగొచ్చే రోజున హార్బర్‌లో తాను లేకపోవడమంటే పెళ్ళిపందిట్లో పెళ్ళికూతురు లేకపోవడమేనంటుంది చేపలమ్మే మా అమ్మ. కట్టెల పొయ్యి పొగ ఏళ్ళ తరబడి మింగిన ఊపిరితిత్తులు ఆమెవి. ఉన్నట్టుండి ఆయాసం ముదిరి ఆసుపత్రి పాలవుతుంటుంది. అందుకే ఈసారి డాక్టరమ్మ షరతు పెట్టింది. ఒంట్లో ఎక్కడైనా వాపు, మంట మొదలైతే రక్తంలో సీఆర్పీ పెరుగుతుందట. ఆయాసం ముంచుకొచ్చే ముందు కూడా ఒక్కోసారి పెరిగి హెచ్చరిస్తుందట. పరీక్ష బాగుంటే హార్బర్, లేకపోతే మంచం.

రిపోర్టులో సీఆర్పీ బాగా ఎక్కువగా ఉంది. వెంటనే అమ్మని డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరదీశాను. అమ్మేమో నన్ను తిట్టుకుంటూ ఆసుపత్రి మెట్లు చకచకా ఎక్కేసింది.

డాక్టరమ్మ స్టెతస్కోపు పెట్టి వింది. ఛాతీ శుభ్రంగా ఉంది. ఆమెకేమీ అంతుబట్టక, జ్వరముందా, పంటినొప్పా, దెబ్బ గానీ పుండు గానీ ఉందా అని అడిగింది. లేదని అమ్మ, లేదని నేను, లేదని తోడొచ్చిన పిన్ని.

అంతలో అమ్మ కొంగు సర్దుకుంది. ఆ చేతి బొటనవేలు వంకాయలా ఉబ్బి నిగనిగలాడుతోంది. తెప్పలవాళ్ళు తెచ్చిన జెల్ల చేపలు కోస్తుంటే ముల్లు దిగిందని తాపీగా చెప్పింది.

"మరి దెబ్బ లేదన్నారేంటమ్మా?" అంది డాక్టరమ్మ.

"దెబ్బేటమ్మా, అది జెల్ల ముల్లు కదా."

పిన్నీ నేనూ తలలూపాం. మా పేటలో చేపముల్లు గుచ్చుకోవడాన్ని ఎవరూ దెబ్బ అనరు మరి. డాక్టరమ్మ మా ముగ్గురినీ మార్చి మార్చి చూసి పగలబడి నవ్వింది. ఇక మేమూ ఆగలేకపోయాం. వేలు కోసి చీము తీసి మందులిచ్చారు. తర్వాతి పరీక్షలో సీఆర్పీ బుద్ధిగా దిగొచ్చింది.

బోట్లొచ్చిన పొద్దున ఒక బోటు యజమాని అమ్మ గంపలో అడుగున మెత్తబడ్డ చేపలు పెట్టించాడు. అమ్మ నడుముకి కొంగు దోపింది. అతని తాతల దగ్గర మొదలెట్టి, ఐసు పెట్టెల మీదుగా, అతని కొత్త బండి దాకా దులిపేసింది. పోయినేడాది నాలుగు మాటలకే గోడ పట్టుకున్న మనిషి, ఎక్కడా దమ్ము కోసం ఆగలేదు. అతను చేతులు జోడిస్తున్నాడు, జనం నవ్వుతున్నారు. నేను మాత్రం, ఇంకా తిట్టవే అమ్మా అనుకుంటూ, పట్టలేని సంతోషంతో అక్కడే నిలబడి ఏడ్చేశాను.