అన్నం లేకుండా ఎక్కిన కొండ

మా ఆవిడ పుట్టి పెరిగిన రబ్బరు తోటలో, కూలీలుండే లైన్ల ఇళ్ల గుమ్మం ముందు నిలబడితే జెరాయ్ కొండ కనబడేది. సుంగై పెటాని చుట్టుపక్కల ఎక్కడ నిలబడినా అది కనబడుతుంది. అందుకేనేమో ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఆమె పట్టించుకుంది. పెళ్లయిన కొత్తలో ఏ ఊరు చూపించమంటావని అడిగితే పినాంగ్ అనలేదు, సింగపూర్ అనలేదు.

"ఆ కొండెక్కుదామండీ," అంది. "అటేపు ఏటుందో సూడాలి."

అప్పటికి మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చి ఏడాది దాటింది. అడవిలోని కమ్యూనిస్టు గెరిల్లాల మీద బ్రిటిష్‌వాళ్లు మొదలుపెట్టిన పోరుకు ఎమర్జెన్సీ అని పేరు. జెండా మారినా ఆ చట్టాలు పూర్తిగా పోలేదు. మా ప్రాంతాన్ని మాత్రం 'తెల్ల ప్రాంతం'గా ప్రకటించారు. అంటే కర్ఫ్యూ ఎత్తేశారు, తోటల చుట్టూ ముళ్లకంచె ఉన్నా గేటు తెరిచే ఉంటుంది, అన్నం మీద ఆంక్ష లేదు. ఆ కబురు మా పత్రికకు రాసి పంపింది నేనే. నాలుగు వాక్యాలు సరిపోయాయి.

ఆ ఆంక్ష ఏమిటో ఇప్పటివాళ్లకు చెప్పాలి. అడవిలో ఉన్నవాళ్లకు తిండి అందకూడదని, తోటలోకి పనికి వెళ్లేవాళ్లెవరూ ఒక్క మెతుకు కూడా గేటు దాటించకూడదన్నారు. తెల్లవారకముందే అందరినీ వరసలో నిలబెట్టి తడిమి చూసేవాళ్లు. చీర మడతలు, తలపాగాలు, రబ్బరు పాలు పట్టే బకెట్ల అడుగులు, ఏదీ వదిలేవాళ్లు కాదు. మధ్యాహ్నం పని ముగిసి లైన్లకు తిరిగొచ్చేదాకా మంచినీళ్లతోనే గడపాలి.

ఒక పొద్దున ఆమె అన్న బకెట్లో ఆకులో చుట్టిన చద్దన్నం దొరికింది. ముందురోజంతా జ్వరంతో అతనేమీ తినలేదని, ఆకలికి ఆగలేడని, చిన్నపిల్లగా ఉన్న మా ఆవిడే అది పెట్టింది. అతనితో చెప్పలేదు. ఎవరు పెట్టారో గేటు దగ్గరే అతనికి అర్థమై ఉంటుంది. ఆ మాట అతనూ బయటపెట్టలేదు. కొన్నాళ్లు నిర్బంధంలో ఉంచి, ఇండియాకు ఓడ ఎక్కించారు. పుట్టింది ఈ తోటలో. పంపింది ఎప్పుడో తాతలు విడిచి వచ్చిన విశాఖపట్నం వైపు పల్లెకు. అక్కడ అతన్ని ఎరిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఇదంతా పెళ్లికి ముందే ఆమె నాకు చెప్పింది. ఇంట్లో కడుపు నిండా వండి పెట్టేది. గడప దాటే తిండికి మాత్రం చెయ్యి వేసేది కాదు. మొదట్లో మా అమ్మ నన్ను సాధించింది.

"నీ పెల్లాం సద్ది కట్టదేటిరా? మామక్ సాయిబు కొట్లో రొట్టెలు తిని ఎన్నాల్లు ఉజ్జోగం సేస్తావు?"

సంగతి చెప్పాను. అమ్మ మళ్లీ ఆ ఊసెత్తలేదు.

కొండ ప్రయాణం గురించి మాత్రం ఊరుకోలేదు. చైనా వాడి కొట్లో మిలిటరీ వాళ్లు వాడి పారేసిన వీపు సంచులు రెండు కొనుక్కొచ్చాను. అమ్మ వాటిని అటూ ఇటూ తిప్పి చూసింది.

"అడివిలోంచి మనుసులు బయటికొచ్చేసినారని గవుర్మెంటోడు మురిసిపోతన్నాడు. ఇప్పుడు మీరు లోనకెల్తారా?"

"అత్తా, రెండ్రోజుల్లో వచ్చేస్తాం," అంది మా ఆవిడ.

"రాకపోతే మీ ఆయన మీద మీ ఆయనే పేపర్లో రాసుకోవాల."

తూర్పు వైపు నుంచి ఎక్కి, కొండ మీద ఒక రాత్రి ఉండి, పడమటి వైపు యాన్ అనే ఊరి దగ్గర వరిపొలాల్లోకి దిగాలని మా ఆలోచన. దుప్పట్లు, బట్టలు, జలగల కోసం పొగాకు, అన్నీ ఆమె సర్దింది. నిమ్మకాయ పులిహోర, వేయించిన నెత్తళ్లు నేను కట్టాను. వంటింటి గుమ్మంలో నిలబడి నా చేతుల వైపే చూసింది.

కొండ మొదట్లో, రబ్బరు చెట్లు అయిపోయి అడవి మొదలయ్యే చోట, పాత పోలీసు చెక్‌పోస్టు ఉంది. మనుషుల్లేరు. ఇసుక బస్తాలు చినిగి కారిపోతున్నాయి. అడ్డుకర్ర పైకెత్తి ఉంది. బస్తాల మీద ఒక మేక నిలబడి మమ్మల్ని చూస్తోంది. నేను దాటి వెళ్లి వెనక్కి తిరిగేసరికి ఆమె కర్రకు అవతలే ఆగిపోయింది.

"ఏమైంది?"

"మీ సంచిలో అన్నముంది."

"ఉంది. ఇద్దరికీ రెండు పూటలకి సరిపోతుంది."

"ఇక్కడే తినేద్దాం."

"ఇందాకే కదా ఇడ్లీలు తిన్నాం? ఇక్కడెవరూ లేరు, చూడు. మేక తప్ప."

"అయితే మేకనే అడగండి. ఎల్లనిస్తాదేమో."

నవ్వుతూనే అంది. కాళ్లు మాత్రం కదల్లేదు. పొద్దుటి చల్లగాలిలో ఆమె పై పెదవి మీద చెమట పట్టింది. పోనీ వెనక్కి వెళ్లిపోదామా అన్నాను.

"ఎనక్కెల్లను. కొండెక్కాలి. అన్నంతోటి ఎక్కలేను. అంతే లా."

మలయ్‌వాళ్ల 'లా' తోక తగిలించిన ఆ 'అంతే లా' తర్వాత మా ఇంట్లో వాదన ఉండదు. ఇసుక బస్తాల మీద కూర్చుని పులిహోర తిన్నాం. కడుపులో ఇడ్లీలు ఇంకా అరగలేదు. రెండు పూటల అన్నం ఒకేసారి తినడం ఎంత కష్టమో ఆ రోజే తెలిసింది. ఇక తినలేక మిగిలింది మేకకు పెట్టాం. ఆమె ఆకు దులిపి, తన చీర కొంగు కూడా దులుపుకుని, అడ్డుకర్ర దాటింది. అక్కడి నుంచి నాకంటే ముందే నడిచింది.

అడవిలో ఆమె గొంతే మారిపోయింది. ఏది కనబడినా నా చొక్కా పట్టి లాగేది. కళ్లద్దాలు పెట్టుకున్నట్టు కళ్ల చుట్టూ తెల్లని వలయాలున్న కోతులు కొమ్మల మీద వరసగా కూర్చుని మమ్మల్ని పరీక్షగా చూశాయి. "కిరాణీల్లాగున్నారు," అంది. మా నాన్న తోటలో కిరాణీగా, అంటే లెక్కలు రాసే గుమాస్తాగా, పనిచేశాడు. నా వైపు చూసి నాలిక కరుచుకుంది. ఒకచోట తలల మీదుగా రైలు ఆవిరి వదిలినట్టు చప్పుడైంది. చూస్తే పెద్ద ముక్కు పక్షుల జంట, రెక్కలు కొట్టుకుంటూ లోయ దాటుతోంది. కుందేలంత కూడా లేని జింక ఒకటి దారికి అడ్డంగా గెంతి మాయమైంది. పందులు నేలను దున్నేసిన చోట మాత్రం ఇద్దరం మాట్లాడకుండా గబగబా నడిచాం. పొగాకు పూసుకున్నా జలగలు నన్ను వదల్లేదు. ఆమె జోలికి ఒక్కటీ పోలేదు.

"కిరాణీ రత్తం తియ్యగుంటాది కాబోలు," అంది.

మధ్యాహ్నం దాటాక ఆకలి మొదలైంది. సాయంత్రానికి అది తప్ప ఇంకేమీ తోచలేదు. పైకి వెళ్లేకొద్దీ చెట్లు పొట్టివయ్యాయి, నాచు పట్టాయి. మూతలున్న చిన్న కూజాల్లాంటి ఆకుల మొక్కలు కనబడ్డాయి. ఆ కూజాల్లో పురుగులు పడి చస్తాయట. ఆకలి మీదున్న నాకు అవి కూడా గిన్నెల్లా కనబడ్డాయి.

"మీరు రాసే మనిసి కదా, ఆకలి మీద రాసుకోండి."

"అన్నం పారేసిన వాళ్ల మీద రాస్తాను."

"రాయండి. నాను సదవను."

పైన మూసేసిన పాత బంగళా ఒకటి ఉంది. దాని వరండాలో సంచులు దించాం. అప్పుడే మబ్బు విడిపోయింది. తూర్పున ముదురాకుపచ్చగా రబ్బరు తోటలు. గీతలు గీసినట్టు నిలబడ్డ చెట్ల వరసల మధ్య ఎక్కడో ఆమె పుట్టిన లైన్లు. చాలాసేపు వెతికింది, దొరకలేదు. తర్వాత బంగళా చుట్టూ తిరిగి పడమటి వైపుకు వచ్చాం. కొండ కింద నుంచి సముద్రం దాకా లేతాకుపచ్చ తప్ప మరో రంగు లేదు. అంతా వరి.

ఆమె వరండా కమ్మీ పట్టుకుని నిలబడిపోయింది.

"ఓలమ్మా," అంది మెల్లగా. "అన్నమంతా ఇటేపే ఉండిపోనాదేటండీ."

ఆ పూట ఊట నీళ్లు తాగి, దుప్పట్లు కప్పుకుని పడుకున్నాం.

మర్నాడు పొద్దున్నే పడమటి వైపు దిగాం. పొలాల గట్టున మొదట కనబడిన ఇల్లు ఒక మలయ్ ముసలావిడది. చాపల మీద పోయిన పంట వడ్లు ఎండబోసి తిరగేస్తోంది. ఎక్కడి నుంచి అని అడిగింది. మా ఆవిడ కొండ వైపు చెయ్యి చూపించింది. ముసలావిడ కొండను చూసి, మా ముఖాలు చూసి, ఇంకేమీ అడక్కుండా లోపలికి పిలిచి అన్నం పెట్టింది. వేడన్నం, వేయించిన కెంబుంగ్ చేపలు, సంబాల్ అనే మిరపకాయల పచ్చడి. రెండోసారి పెట్టించుకోవడానికి నేను మొహమాటపడలేదు.

బయల్దేరేటప్పుడు ఆవిడ అరిటాకులో పొట్లం ఒకటి కట్టి తెచ్చింది. నాకివ్వబోయి, ఏమనుకుందో, మా ఆవిడ చేతిలో పెట్టింది.

"దారి దూరం, బిడ్డా," అంది మలయ్‌లో.

మా ఆవిడ చేతులు వెనక్కి వెళ్తాయనుకున్నాను. నేను తీసుకుందామని ముందుకు అడుగు వేశాను కూడా. ఆమె ముసలావిడ ముఖం చూసింది. రెండు చేతులూ పట్టి తీసుకుంది. సంచిలో పెట్టనివ్వలేదు, నాకూ ఇవ్వలేదు. బస్సెక్కి పొట్లాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆకులోంచి సంబాల్ నూనె కారి చీరకు అంటుతున్నా కదల్లేదు.

సగం దారిలో పోలీసులు బస్సు ఆపారు. ఆ రోజుల్లో పెద్ద దార్ల మీద సోదాలు ఇంకా ఉండేవి. కుర్ర కానిస్టేబులు ఎక్కి ఒక్కొక్కరి బుట్టలూ సంచులూ చూసుకుంటూ వస్తున్నాడు. మా వరస దగ్గరికి వచ్చేలోపే ఆమె పొట్లాన్ని పైకెత్తి పట్టుకుంది.

"ఏమిటది?" అన్నాడు మలయ్‌లో.

"నాసి," అంది. అన్నం అని.

అతను వంగి వాసన చూశాడు.

"ఏం చేప?"

"కెంబుంగ్."

"సంబాల్ ఉందా?"

"ఉంది."

"అదృష్టవంతులు," అని నా సంచి వైపైనా చూడకుండా వెనక వరసకు వెళ్లిపోయాడు. కాసేపటికి దిగి, బస్సు పక్కన చేత్తో కొట్టాడు. బస్సు కదిలింది.

"ఇంతేనేటండీ?" అంది ఆమె.

"ఇంతే."

"ఇంతేనా," అంది మళ్లీ. ఈసారి నన్ను కాదు.

ఆకు విప్పింది. అన్నం మధ్యలో చేపను పెట్టి ముళ్లు ఏరడం మొదలుపెట్టింది. కెంబుంగ్‌లో అంత ముల్లు ఉండదు. అయినా బస్సు సుంగై పెటాని చేరేదాకా ఏరుతూనే ఉంది, తలెత్తలేదు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.