సుభద్ర టీచరు, నా చాక్లెట్లు

ఈ ఉదయం మూడో తరగతి పిల్లవాడొకడు బుగ్గ పట్టుకుని నా బల్ల పక్కన నిలబడ్డాడు. వాడి నోట్లోంచి లవంగనూనె వాసన గుప్పుమంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు సుభద్ర టీచరు గుర్తొస్తారు. ఆమె మీద నేను పడ్డ అసూయ కూడా గుర్తొస్తుంది.

శ్రీకూర్మం దాటాక సముద్రపొడ్డున ఉన్న చిన్న బడిలో నా మొదటి ఉద్యోగం. ఇద్దరమే టీచర్లం. ఆమె పెద్దావిడ, బడికి హెడ్మిస్ట్రెస్. ప్రతి సోమవారం ప్రార్థన కాగానే పిల్లల్ని వరసగా నిలబెట్టి పళ్ళు చూసేవారు. "ఆ అను. ఒరే, ఇదీ నల్లబడిపోనాది సూడు!" అంటే వాళ్ళు కిలకిలా నవ్వేవారు. నొప్పన్న పంటికి లవంగనూనెలో ముంచిన దూది అద్దేవారు. పుచ్చిపన్ను లేని నోరు వరసలో ఒకటీ అరా ఉండేదేమో. తల్లులు తెల్లారకముందే చేపల గంపలెత్తుకుని వెళ్ళిపోతే, పిల్లల పొద్దుటి తిండి కొట్లో దొరికే క్రీం బిస్కెట్లే. పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడతాయని పెద్దలు పట్టించుకునేవారు కాదు.

నాకు మాత్రం పళ్ళ గొడవ పట్టలేదు. ఎమ్మెస్సీ చదివి వచ్చినవాణ్ణి. పిల్లలు నన్ను వదిలి ఆవిడ కొంగు పట్టుకు తిరగడమే నా బాధ. ఊడిన పన్నును సైతం ముందు ఆవిడకు చూపించాకే ఇంటికప్పు మీదికి విసిరేవారు. చూస్తుంటే ఒళ్ళు మండిపోయేది. అందుకని చాక్లెట్లు కొన్నాను. సరైన జవాబుకొకటి. పది రోజుల్లో బడంతా నా చుట్టూ చేరింది. వరండాలోంచి ఆవిడ చూస్తూనే ఉన్నారు, ఏమీ అనలేదు. గెలిచానని లోలోపల మురిసిపోయాను.

అందరికంటే ఎక్కువ చాక్లెట్లు గెలిచింది నాలుగో తరగతి గౌరి. ఆ పిల్ల సోమవారాలు పళ్ళ తనిఖీ అయిపోయాకే బడికొచ్చేదని నేను గమనించలేదు. ఒకరోజు అసలు రాకపోతే ఇద్దరం వాళ్ళింటికి వెళ్ళాం. దవడ వాచి కన్ను మూసుకుపోయింది, ఒళ్ళు కాలిపోతోంది.

"పంట్లో పురుగు సేరింది బాబూ. వాకుడు గింజల పొగ ఎట్టినాను, రాలిపోతాది," అంది నాయనమ్మ. ఆ పొగకు పిల్ల పెదవి బొబ్బలెక్కింది.

ఆటోలో శ్రీకాకుళం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికొచ్చేదన్నాడు డాక్టరు. పీకింది పాలపన్ను కాదు, మళ్ళీ రాని దంతం.

తిరుగుదారిలో గౌరి టీచరు ఒళ్ళో పడుకుంది. "ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?" అని అడిగారావిడ.

"సెప్తే మేస్టారి సాక్లెట్లు ఆపించెస్తావు గదా!" అంది పిల్ల, నోట్లో దూదితోనే.

నేను కోరుకున్న ప్రేమ అదే. తలెత్తలేకపోయాను. గౌరిని ఇంట్లో దింపాక తిట్లకు సిద్ధపడి నిలబడ్డాను.

"నీ ఒక్కడి తప్పే కాదు బాబూ. మొదటి రోజే వద్దని సెప్పాల్సింది. పిల్లలు నిన్ను సుట్టుకుంటే నేను ఓర్సుకోలేకపోనాను. నోరిప్పితే ఏడుపనుకుంటావని ఊరుకున్నాను. ఏడుపే మరి," అన్నారావిడ కళ్ళు తుడుచుకుంటూ.

ఇప్పుడు హెడ్మాస్టర్ని నేను. ఈ నెలలోనే ఒక కొత్త టీచరమ్మ చేరింది. ఎవరి పుట్టినరోజు వచ్చినా పిల్లలకు కూల్‌డ్రింకులు పోయిస్తుంది. ఒక్కరూ ఆమెను వదలరు. ఈ వయసులోనూ నాకు కడుపు మండింది. ఇంటికెళ్ళి రెండు రోజులు ఆలోచించాను, ఊరుకుందామనే అనిపించింది. మూడో రోజు, అంటే ఇవాళ, బుగ్గ పట్టుకున్న ఆ పిల్లవాణ్ణి చూశాక ఆమె గదికి వెళ్ళాను.

"అమ్మా, పిల్లలు నీ వెంట పడుతుంటే నాకు అసూయగా ఉంది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. ఇక నే చెప్పేది విను," అని కుర్చీ లాక్కుని కూర్చున్నాను.