బుజ్జిబాబు కొన్న చిన్న కంప్యూటరు

బుజ్జిబాబుకు యాభై దాటి నాలుగేళ్ళయింది. ఇంట్లో కడగొట్టువాడని ముద్దుకు పెట్టుకున్న పేరు బడి రిజిస్టరులోకి ఎక్కింది, అక్కడినుంచి తిన్నగా రైల్వే వర్క్‌షాపులోకి నడిచింది. పొట్టా, నెరిసిన మీసమూ ఉన్న మనిషిని అలా పిలవడానికి కొత్తవాళ్ళు కాస్త తడబడతారు గానీ, ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో అందరికీ అలవాటే. ఆయన చక్రాల సెక్షన్లో మెకానిక్కు. మిక్సీ గానీ, కుట్టుమిషను గానీ, పక్కింటి నీళ్ళ మోటారు గానీ, ఏది పాడయినా విప్పుతాడు. విప్పినవాటిలో చాలామటుకు మళ్ళీ బిగిస్తాడు కూడా.

ఈ ఏడు తెలుగు సంఘానికి ఆయన్ని కార్యదర్శిని చేశారు. సంఘం నోటీసులు తెలుగులో టైపు చేయాలంటే కంప్యూటరు ఉండి తీరాలని ఆయన తీర్మానించాడు. జనవరిలో ఒక శనివారం మధ్యాహ్నం గోల్‌బజారు నుంచి ఒక అట్టపెట్టె మోసుకొచ్చి, అందులోంచి అరచేతిలో ఇమిడే నల్లటి డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

భార్య మీనాకుమారి వచ్చి చూసింది. ఆమె ఆయనకు స్వయానా మేనమామ కూతురు.

"ఏటి బావా ఇది, సబ్బుపెట్టా?"

"కంప్యూటరు. టీవీకి తగిలిస్తే టీవీయే తెర. గంటలో సేసీసి సూపిస్తాను."

"రేపు కాంసాయి ఒడ్డుకి ఎల్లాల. ఆర్థరన్నయ్య చర్చి నుంచి రాగానే బయల్దేరదామన్నాడు. గుర్తుందా?"

"గంట పనికి రేపటిదాకా ఎందుకే."

పక్క క్వార్టరులో ఉండే ఆర్థర్ రైలు గార్డుగా పనిచేసి రిటైరయినవాడు. చలికాలం వస్తే వీధివాళ్ళందరినీ పోగేసి నది ఒడ్డుకు పిక్నిక్ తీసుకెళ్ళడం ఆయనకు సరదా.

బుజ్జిబాబు టీవీ వెనక్కి దూరి, కేబుల్ తీగ పీకి, డబ్బా తీగ తగిలించి, డబ్బాకు కీబోర్డూ మౌసూ కలిపాడు. మీనాకుమారి సీరియల్ సగంలో ఆగిపోయింది. తెర మీద నీలిరంగు వెలుగు వచ్చింది. ఏ భాష కావాలని అడుగుతూ ఒక జాబితా కనిపించింది. తెలుగు ఎక్కడో అడుగున ఉంది. అంతదాకా పోకముందే బెంగాలీ కంటబడింది. బుజ్జిబాబు ఈ ఊళ్ళోనే పుట్టాడు. చేపల దీదీలతో ఆయన బేరమాడితే, ఏ జిల్లా మనిషివి దాదా అని వాళ్ళే అడుగుతారు. ఆ ధీమాతో నొక్కేశాడు.

తెర నిండా బెంగాలీ అక్షరాలు పరుచుకున్నాయి. అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు, బెంగాలీ మాట్లాడడమే తప్ప చదవడం ఎన్నడూ నేర్చుకోలేదని. స్టేషను బోర్డు మీదయినా పక్కనున్న ఇంగ్లీషు చూసే చదువుకునేవాడు. కాసేపు కళ్ళజోడు తుడిచాడు. కాసేపు తెరను తుడిచాడు.

"ఏటంటంది అది?" అంది మీనాకుమారి వంటింటి గుమ్మంలోంచి.

"లోపల సెక్ చేసుకుంటంది."

"నేదు. నీ పేరు అడుగుతంది."

మీనాకుమారి పుట్టిల్లు ఆ ఊళ్ళోనే మలంచా పేటలో. ఇంటికి దగ్గరని చిన్నప్పుడు ఆమెను బెంగాలీ బడిలో వేశారు, తెలుగు రాయడం చదవడం ఇంట్లో నేర్పారు. కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది. అది మొదలు ఆమె చదవడం, ఆయన నొక్కడం. షరతులన్నీ చదివితే గానీ ఒప్పుకోకూడదని ఆమె పట్టుబట్టి, పాఠం అప్పజెప్పినట్టు పేజీలకు పేజీలు చదివి వినిపించింది. ఆ పుస్తకాల బెంగాలీ ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. మధ్య మధ్య "ఠీక్ హై, ఠీక్ హై" అంటూ పోయాడు.

చివరికి తెర మీద ఒక చుక్కల వలయం తిరగడం మొదలుపెట్టింది.

"కొత్తవన్నీ దించుకుంటన్నాను, మధ్యలో ఆపొద్దు, ఓపిక పట్టండి అంటంది," అంది మీనాకుమారి.

"ఎంతసేపంట?"

"అది సెప్పలేదు. ఓపిక అని మాత్రం రాసినాడు."

ఆదివారం తెల్లవారాక చూస్తే వలయం ఇంకా తిరుగుతూనే ఉంది. ఆర్థర్ వచ్చి ఆటో పిలిచాడు. అందులో గిన్నెలు సర్దారు, కోడికూర సామాను ఎక్కించారు. బుజ్జిబాబు మాత్రం గడపలో నిలబడిపోయాడు. ఇంట్లో ఇంటర్నెట్టు లేదు. కంప్యూటరుకు నెట్టు అందుతున్నది ఆయన ఫోనులోంచే. ఫోను వెంట పట్టుకెళితే పని మధ్యలో ఆగిపోతుంది.

"మీనా, నీ ఫోను ఇక్కడ పెట్టెయ్యకూడదా?"

"కంప్యూటరు నీది బావా. కాపలాకి నీ ఫోనే ఉండాల."

ఆర్థర్ నవ్వాడు. "ఫోను ఇంటికాడ వదిలీసి రా తమ్ముడూ. కాంసాయి పారిపోదు గానీ కూర ఆలస్యమయిపోద్ది."

బుజ్జిబాబు ఫోనును ఛార్జింగులో పెట్టి, నల్లడబ్బా పక్కన పడుకోబెట్టి, తలుపు తాళం రెండుసార్లు లాగి చూసి ఆటో ఎక్కాడు. దారి పొడుగునా జేబు తడుముకుంటూనే ఉన్నాడు.

పిక్నిక్కుల్లో ఆయన పని ఫొటోలు తీయడం. పొట్టివాళ్ళు ముందు, పొడుగువాళ్ళు వెనక అని జనాన్ని వరుసలో నిలబెట్టి, ఎండకు తిప్పి, నీడకు తిప్పి, కూర చల్లారేదాకా వదిలేవాడు కాదు. ఇవాళ చేతుల్లో ఏమీ లేదు. ఇసుకలో అటూ ఇటూ తిరిగాడు. ఎవరో వెల్లుల్లి ఒలవమంటే ఒలిచాడు. "ఇప్పుడెంతవరకు వచ్చిందో" అన్నాడు ఆర్థర్‌తో. కాసేపటికి మళ్ళీ అన్నాడు.

"కూతుర్ని పురిటికి ఆస్పత్రిలో సేర్చినోడిలాగ ఉన్నావు తమ్ముడూ. కూకో," అన్నాడు ఆర్థర్, నీళ్ళలో గాలం వేస్తూ.

మేదినీపూర్ వైపు వెళ్ళే లోకల్ రైలు వంతెన మీద చప్పుడు చేసుకుంటూ పోయింది. దానివంక చూసి తల తిప్పేసరికి ఇసుక మీద ఆడవాళ్ళు బ్యాడ్మింటన్ ఆడుతున్నారు. మీనాకుమారి కొంగు నడుముకు చుట్టి, చెప్పులు పక్కన విడిచి, షటిల్‌ని ఈడ్చి కొడుతోంది. అవతల నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే అలిసిపోయి పక్కకు వస్తున్నారు. ఆమె మాత్రం చోటు కదల్లేదు. బడి తరఫున ఆడానని పెళ్ళయిన కొత్తలో ఆమె చెప్పడం ఆయనకు లీలగా గుర్తుంది. ఇన్ని పిక్నిక్కుల్లో ఆమెను ఎన్ని ఫొటోలు తీశాడో లెక్కలేదు. అన్నింట్లోనూ చేతులు కట్టుకుని నిలబడే ఉంటుంది.

"నాకో బ్యాటివ్వండి," అన్నాడు బుజ్జిబాబు లేచి.

"నువ్వా?" అంది మీనాకుమారి. "మోకాళ్ళు జాగర్త బావా."

మొదటి షటిల్ ఆయన తల మీదుగా పోయింది. రెండోది పొట్టకు తగిలింది. మూడోదానికోసం ఎగిరి, ఇసుకలో బోర్లా పడ్డాడు. మీనాకుమారి పరుగున వచ్చింది. దెబ్బ తగల్లేదని తెలిశాక నవ్వు ఆపుకోలేక అక్కడే కూలబడింది. మీసం నిండా ఇసుకతో ఆయనా నవ్వాడు. ఆ పూట కూర దించిన వెంటనే, వేడివేడిగా తిన్నారు. ఎంతవరకు వచ్చిందో అని ఆయన మళ్ళీ అడగనే లేదు. సాయంత్రం పడవలో అవతలి ఒడ్డుకు వెళ్ళి వచ్చి, తడిసిన ప్యాంటుతో ఇల్లు చేరాడు.

తలుపు తీశాకే కంప్యూటరు గుర్తొచ్చింది. వలయం లేదు. తెర మధ్యలో ఒకే ఒక్క వాక్యం ఉంది.

"ఏటంటంది మీనా? అయిపోనాదా?"

మీనాకుమారి చదివి, పెదవి బిగబట్టింది. "సగం అయ్యింది, మిగతాది మొదలెట్టమంటారా అని అడుగుతంది. మనం ఎల్లంగానే అడిగినట్టుంది పాపం. పొద్దున్నుంచీ నీకోసమే కూకుంది."

బుజ్జిబాబు మిగతాది మొదలెట్టమని నొక్కి, స్నానానికి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే కంప్యూటరు నడక నేర్చింది. భాష మార్చుకోవచ్చని ఆర్థర్ చెప్పాడు గానీ, ఆ మీట ఎక్కడుందో తెలియాలంటే బెంగాలీ చదవడం రావాలి. మీనాకుమారిని అడిగితే ఎంత వెతికినా కనబడలేదంది. తెలుగు అక్షరాలు కొట్టే చోటు మాత్రం దొరికిందంది. ఆమె అంత గట్టిగా వెతికిందని కాలనీలో ఎవరూ నమ్మరు. సంఘం నోటీసులు ఇప్పుడు బుజ్జిబాబు చెబుతుంటే ఆమె టైపు చేస్తోంది. ఆయన వాక్యాలు మరీ పొడుగని మధ్యలో కోసేస్తోంది కూడా. నోటీసులు ఈమధ్య బాగుంటున్నాయని సభ్యులు కార్యదర్శిని మెచ్చుకుంటున్నారు.

మరుసటి శనివారం ఆయన మళ్ళీ గోల్‌బజారు వెళ్ళి తనకొక బ్యాటు కొనుక్కున్నాడు. ఆదివారం దాంతోనూ ఓడిపోయి, నది మీద గాలి ఎక్కువగా ఉందన్నాడు.