తనిఖీ నాటికి తోడేసిన నీరు

సంబంధిత అధికారులకు, తమకు సంబంధం లేదని లిఖితపూర్వకంగా తెలియజేసిన అధికారులకు, ఈ ఇరువురి నడుమ సెలవులో ఉన్న అధికారులకు, పాఠకుల సమక్షంలో సవినయంగా తెలియజేయునది: మా వీధి నేత మహిళల సంఘం అధ్యక్షురాలు, మా పక్కింటి పిన్నిగారు, గత మంగళవారం ఉదయం కాలం చేశారు. కావున ఆమె దరఖాస్తును ఇకపై పరిశీలనలో ఉంచే శ్రమ తమకు తప్పినది.

అమలాపురం శివారున, పల్లంలో ఉన్న మా వీధిలో పదకొండు ఇళ్లలో గుంట మగ్గాలున్నాయి. నేసేవారు నేల మీద కూర్చుని, కాళ్లు గుంటలోకి దించి మగ్గం తొక్కుతారు. గట్టి వాన పడితే కాలువ పొంగి మొదట ఆ గుంటలే నిండుతాయి. పడుగు తడిస్తే నెల పని పోయినట్టే. నేల మెరక చేయించి, గుంట అక్కరలేని మగ్గాలు పెట్టించాలని పిన్నిగారి కోరిక. వాతావరణ మార్పు, సామాజిక న్యాయం అనే అంశాలపై పనిచేసే స్వచ్ఛంద సంఘాలకు మునిసిపాలిటీ గ్రాంటు ఇస్తుందని విని నా దగ్గరకు వచ్చారు.

"ఆ రెండూ మా గుంటలోనే ఉన్నాయి బాబూ. రాసిపెట్టండి."

రాసిపెట్టాను. ప్రతి దరఖాస్తు చివరా "మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలి" అని చేర్చమనేవారు. నమూనాలో ఆ గడి లేదని ప్రతిసారీ నేను కొట్టివేశాను.

మొదటి రెండు తనిఖీలూ ఎండాకాలంలో జరిగాయి, వానల్లో మా వీధికి జీపు రాదు గనుక. ఎండిన గుంటను చూసి "ముంపు కనబడలేదు" అని రాసుకున్నారు. మూడో ఏడు నేను పట్టుబట్టి శ్రావణంలో రప్పించాను.

ఆ ఉదయం వెళ్లి చూస్తే, పిన్నిగారూ మరో నలుగురు ఆడవాళ్లూ బిందెలతో గుంట తోడేసి, చుట్టూ ఇసుక చల్లి, ముగ్గు కూడా పెట్టి ఉన్నారు.

"పిన్నిగారూ, ఆ నీళ్లు చూపించడానికే కదండీ పిలిచింది!"

"అదేంటి బాబూ, ఆఫీసరుగారు ఇంటికొస్తుంటే బురదలో నిలబెడతామా? ఆయన బూట్లు తడిస్తే మనకి మర్యాదేనా? నోటితో చెబితే నమ్మరా ఏంటి, చదువుకున్నోరు!"

జీపు పెద్దరోడ్డు మీద ఆపి, అధికారి గొడుగేసుకుని నడిచి వచ్చారు. పిన్నిగారు కొబ్బరిబొండం కొట్టించి ఇచ్చారు. ఆ ఇంట్లో ఆయన చూసిన నీరు అదే.

"నీళ్లేవండీ?"

"పొద్దున్నే తోడేసేమండీ."

"అంటే, తోడితే పోతున్నాయన్నమాట."

"ఆయ్, పోతాయండీ. మళ్లీ వస్తాయండీ."

ఆయన మొదటి వాక్యం మాత్రమే రాసుకున్నారు. "సమస్యకు స్థానికంగా పరిష్కారం ఉన్నది. గ్రాంటు అవసరం లేదు." ఆ ఏటి గ్రాంటు, ముంపుపై కల్యాణమండపంలో సదస్సు జరిపిన సంఘానికి వెళ్లింది. సభ నిండాలని పిన్నిగారినీ పిలిచి ఒక గుడ్డసంచి ఇచ్చారు. ఇంటికొచ్చి ఆమె దాన్ని వెలుగుకు ఎత్తి చూశారు. "నేత పల్చన" అన్నారు. ఆ సదస్సుపై నేను విన్న సమీక్షలన్నిటిలో ఇదే సమగ్రమైనది.

ఈ వానల్లో ఆమె పాదానికి చిన్న దెబ్బ తగిలింది. కాలు తడవనివ్వొద్దని డాక్టరు చెప్పారు. "ఆ మాట మా గుంటకి చెప్పండి డాక్టరుగారూ" అని నవ్వి, వెళ్లి మగ్గం మీద కూర్చున్నారు. పండగకు ఇవ్వవలసిన చీర సగంలో ఉంది. పుండు మోకాలు దాటింది. చీర సగంలోనే ఉంది.

మంగళవారం కూడా వాన. తోడే ఆడవాళ్లందరూ శవం దగ్గర ఉన్నారు. తనిఖీకి వచ్చిన ఆ అధికారి మర్యాద తెలిసినవారు. దండ పట్టుకుని వచ్చారు. లోపల నేల మీదా గుంట మీదా నీరు ఒకే మట్టంగా నిలిచి ఉంది. ఏది నేలో, ఏది గుంటో తెలియక ఆయన అడుగు వేసి మోకాలి దాకా దిగిపోయారు.

"అయ్యో, ఇంత లోతా!"

మూలన మంచం మీద కూర్చున్న ఒక ముసలావిడ తలెత్తకుండానే అన్నది: "ఆయ్. తోడేవారు పోయేరండీ."

కాలు పైకి వచ్చింది. బూటు రాలేదు.

కావున ఈ దిగువ డిమాండ్లు విధివిధానాల ప్రకారం దాఖలు చేయడమైనది:

1. గుంటలో నీటి లోతు అధికారిగారి మోకాలి వరకు అని, వారి స్వహస్తాలతో దస్త్రంలో నమోదు చేయవలెను.

2. కుడికాలి బూటు ఇంకా గుంటలోనే ఉన్నది. అధికారిగారు స్వయంగా వచ్చి తీసుకొనవలెను. వచ్చే రోజు ముందుగా తెలుపనక్కరలేదు. ఎవరూ తోడరు.