నేను పట్టుకెళ్లిన ప్యాకెట్

నా చిన్నప్పుడు మా ఊళ్లో సైకిళ్లు బాగుచేసే మనిషి ఒక్కడే ఉండేవాడు. అతన్ని తాగుబోతు అనని నోరు మాత్రం ఒక్కటీ ఉండేది కాదు. కోసిగికి పది పన్నెండు మైళ్ల దూరంలో ఎండకు మాడే ఊరు మాది. పంట పోయిన ఏడు సగం ఊరు మూటలు కట్టుకొని కూలి పనులకు వలస పోయేది. మిగిలినవాళ్లకు ఏ పనికైనా సైకిలే దిక్కు, ఆ సైకిల్‌కు ఈ మనిషే దిక్కు. పని చేయించుకొని, నాలుగు అడుగులు వేశాక వెనక్కి తిరిగి నవ్వేవాళ్లు. ఆ నవ్వులు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. వాళ్లతో పాటు నేనూ నవ్వాను కాబట్టి ఇంకా మండుతుంది.

నేను అతన్ని మామా అని పిలిచేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, మా వెనక వీధిలో ఉండేవాడు, అంతే. తాగినా తాగకపోయినా గట్టిగా మాట్లాడని మనిషి. వంకరపోయిన చక్రాన్ని సరిచేయడంలో ఆదోని మెకానిక్కులు కూడా అతని ముందు బలాదూరే. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి, చక్రం తిప్పి, రిమ్ముకు వెంట్రుకవాసి దూరంలో సుద్దముక్క పట్టుకునేవాడు. వంకర ఉన్నచోట రిమ్ము సుద్దకు రాసుకొని తెల్లగీత పడేది. గీత పడ్డచోట చక్రం పుల్లలు బిగించి మళ్లీ తిప్పేవాడు. చివరికి ఎంతసేపు తిప్పినా ఒక్క గీత కూడా పడేది కాదు. ఆ పనికి చెయ్యి అసలు కదలకూడదు.

మా ఊరికి ఒక దరిద్రపు అలవాటు ఉండేది. పని చేసినవాడికి కూలితో పాటు ఒక సారా ప్యాకెట్ చేతిలో పెట్టేవాళ్లు. అదొక మర్యాద అనుకునేవాళ్లు. మామకు పొద్దున్నుంచి పొద్దుగూకే దాకా ఆ మర్యాదలు జరుగుతూనే ఉండేవి. పోయించినవాళ్లు పెద్దమనుషులు, తాగినవాడు తాగుబోతు.

నేను ఏడో తరగతి చదివే ఏడాది మామ నెత్తురు కక్కుకున్నాడు. ఆదోని ఆసుపత్రిలో డాక్టరు, ఇంక తాగితే ప్రాణం దక్కదని చెప్పాడట. ఇంటికి తెచ్చిన రోజు నుంచి అతని భార్య, నేను అత్తా అని పిలిచే మనిషి, షాపు ముందు కూర్చుంది. షాపంటే వాళ్ల ఇంటి ముందు రేకులు కప్పిన పంచ. వచ్చిన ప్రతి మగవాడి చేతులూ, సంచీ, తువ్వాలూ చూసిగాని ఆమె లోపలికి పోనిచ్చేది కాదు. వాళ్లు ఆమెను నానా మాటలూ అనేవాళ్లు. "ఏమప్పా, సన్నాసుల్లో కలిసినావా?" అని లోపలికి వినబడేలా అరిచేవాళ్లు. లోపల మామ దుప్పటి కప్పుకొని వణుకుతూ పడుకొని ఉండేవాడు. అన్నం సహించేది కాదు. అయినా సారా అడగలేదు. అలా నాలుగు రోజులు నిలబడ్డాడు.

ఐదో రోజు మధ్యాహ్నం నేను సైకిల్‌తో సహా ఎండిన వాగు వంకలో పడ్డాను. ముందు చక్రం వంకరపోయి కదలకుండా పట్టేసింది. మరునాడు పొద్దున కోసిగిలో నాకు పరీక్ష. ఉన్న ఒక్క బస్సు పరీక్ష మొదలయ్యాక గాని చేరదు. ఆడపిల్ల పరీక్షకు ఎద్దులబండి కట్టడం మా తాత దృష్టిలో దండగ. ఈ పరీక్ష పోతే నా చదువు అంతటితో సరి అని ఇంట్లో ముందే చెప్పేశారు.

సైకిల్‌ను ఈడ్చుకుంటూ మామ ఇంటికి పోయాను. అత్త వద్దంది. మామే గోడ పట్టుకొని బయటికి వచ్చి, పట్టేసిన చక్రాన్ని మోకాలితో అదిమి విడిపించి, తిప్పి, సుద్దముక్క పట్టుకున్నాడు. ఆ చెయ్యి వణుకుడుకు రిమ్ము చుట్టూ ఎక్కడ పడితే అక్కడ గీతలు పడ్డాయి. తడిగుడ్డతో తుడిచి మళ్లీ పట్టుకున్నాడు. మళ్లీ అంతే.

"ఇంకో రెండు దినాలు ఆగు పాపా. తగ్గుతాండాది" అన్నాడు.

నేను ఏడుస్తూ సైకిల్ అక్కడే వదిలేసి ఇంటికి వచ్చాను. మా తాత విషయం విని నవ్వాడు. కూలివాళ్ల కోసం దాచిన ప్యాకెట్లలోంచి ఒకటి తీసి నా చేతిలో పెట్టి, "ఇది ఇయ్యి, నిమిషంలో చేస్తాడు" అన్నాడు. చిన్నదాన్ని, నాకేం తెలుసు అని చెప్పుకోవచ్చు. కానీ డాక్టరు అన్న మాట ఊరంతటికీ తెలుసు, నాకూ తెలుసు. ప్యాకెట్‌ను పావడా కుచ్చిళ్లలో దోపుకొని పోయాను. అత్త పంచ ముందే కూర్చొని ఉంది. అందరి చేతులూ చూసే మనిషి నా చేతులు చూడలేదు. "ఏడవద్దు పాపా, లోపలికి పో, మజ్జిగ తాగు" అంది.

మామ ఆ ప్యాకెట్‌ను చూసి మొహం గోడవైపు తిప్పుకున్నాడు. నేను కదల్లేదు. "ఈ ఒక్కసారికి మామా. రేపటి నుంచి మానుకో" అన్నాను. పెద్దవాళ్ల నోట వినీ వినీ నేర్చుకున్న మాట అది. కాసేపటికి అతను ఇటు తిరిగి, "పరీక్ష రేపేనా?" అని అడిగాడు. రేపే అన్నాను. ప్యాకెట్ మూల పంటితో కొరికాడు.

కొంతసేపటికి చెయ్యి నిలబడింది. పంచలోకి వచ్చి సైకిల్ ముందు కూర్చున్నాడు. సుద్దముక్క కదలకుండా నిలిచింది. చక్రం గీత పడకుండా గిర్రున తిరుగుతుంటే నేను చప్పట్లు కొట్టాను. ఆ చప్పట్లు విని, వీధివైపు చూస్తున్న అత్త ఇటు తిరిగింది. ముందు ఆ చేతిని చూసింది, తర్వాత నన్ను చూసింది.

"సైకిల్ బాగైందా పాపా?"

"బాగైందత్తా."

"అయితే పో" అంది.

నేను పరీక్ష రాశాను, పాసయ్యాను. మామ మళ్లీ మొదలుపెట్టాడని తెలిసి ఊరంతా ప్యాకెట్లతో బయలుదేరింది. మళ్లీ వానలు పడక ముందే మామ పోయాడు. శవం దగ్గర నిలబడి మా తాత, "తాగుబోతు నా కొడుకు, చెబితే వినలేదు" అన్నాడు. ఆ రోజు మొదలు మా తాత బతికినన్నాళ్లూ నేను ఆయన కళ్లలోకి చూసి మాట్లాడలేదు.

టీచరు ఉద్యోగం వచ్చాక అత్తను వెతుక్కుంటూ పోయాను. కల్లూరులో కొడుకు దగ్గర ఉండేది. తప్పైపోయిందని కాళ్ల మీద పడ్డాను. ఆమె లేవనెత్తలేదు. "నువ్వొక్కదానివేనా పాపా? అందరూ తెచ్చినారు. కానీ ఆ నాలుగు దినాలూ చేతులు చూడకుండా ఎవరినీ రానీలేదు నేను. నిన్నే రానిచ్చినా" అంది. నేను లేచి వచ్చేశాను.

నాకిప్పుడు మనవళ్లున్నారు. మొన్న మా ఊళ్లో ఒక పెళ్లి బంతిలో నా ఈడువాడొకడు మామ నడకను అనుకరించి చూపించాడు. పక్కవాళ్లు పొరబోయేలా నవ్వారు. నేను తింటున్న చెయ్యి ఆపి, "నేను ఒక ప్యాకెట్ ఇచ్చినాను, దాంతోనే ఆ మనిషి పోయినాడు. నువ్వెన్ని ఇచ్చినావో చెప్పప్పా" అన్నాను. "పెళ్లిలో ఇప్పుడెందుకక్కా అవన్నీ" అని వాడు గొణిగాడు.

ఎవరైనా ఎవరినైనా తాగుబోతు అంటే నేను ఆ మాటే అడుగుతాను. అందుకే నన్ను పెళ్లిళ్లకు పిలవడం తగ్గించారు. పిలిచిన చోటికి మాత్రం తప్పకుండా పోతాను, పోయి అడుగుతాను.