ఫ్లాట్ అంటే ఇల్లు

మా పక్కింటివాళ్లు స్నానాలగది కట్టిస్తున్నారు. కొత్త గోడల మీద పొద్దున్నే నీళ్లు కొట్టినప్పుడు లేచే తడి సిమెంటు వాసన చాలామందికి ఇష్టమట. నాకు మాత్రం అది తగలగానే చెవులు వేడెక్కుతాయి, ఏడో తరగతి చదువుతున్న ఒక పిల్ల ఎదురుగా వచ్చి నిలబడినట్టుంటుంది, ఆ పిల్లని చూడలేక తల దించుకుంటాను.

మలికిపురం దగ్గర మాదొక పాత పెంకుటిల్లు. వానాకాలం వచ్చిందంటే కారే చోటల్లా ఒక గిన్నో చెంబో పెట్టేవాళ్లం, బొట్టు పడే చప్పుడును బట్టి ఏది నిండిందో మా మామ్మ, అంటే నాన్నవాళ్లమ్మ, మంచం మీదనుంచే చెప్పేది. పెరట్లో నానిన కొబ్బరి పీచు వాసన, పొయ్యి మీద ఆవ పెట్టిన పనసపొట్టు కూర ఘాటు, అట్లతద్దినాడు తెల్లారకుండానే తిని వీధిలోకి పరుగెత్తిన చద్దన్నం చల్లదనం, కొబ్బరాకుతో మేము చేసుకున్న బూరలు, చేతి గడియారాలు, ఇవన్నీ ఆ ఇంటితో కలిసే గుర్తొస్తాయి. నాన్న కొబ్బరికాయల కొట్టులో ఒలుపు పని చేసేవారు. బస్సులో పక్క సీటువాడినైనా, రేవులో పడవవాడినైనా పలకరించి, ఊరూ పేరూ కనుక్కుని, నవ్వించిగానీ దిగేవారు కాదు. నేనేమో ఆయన వెనకాల దాక్కునేదాన్ని. నా మాటలన్నీ డైరీలోనే.

పెరటి చివర, కాలవగట్టు పక్కన, కొబ్బరాకు తడికలు కట్టిన దడి ఉండేది. అదే మా స్నానాలగది. మోకాళ్ల నొప్పులతో మామ్మ నా భుజం పట్టుకుని అక్కడిదాకా నడిచేది. కుంకుడుకాయ పులుసు నురగలోంచి ఆమె గొంతు వినిపించేది.

"ఒసే బుల్లీ, గట్టు మీద ఎవడన్నా వస్తే దగ్గవే. నీ పుస్తకం తగలెయ్యా, తలెత్తి చూడు!"

ఒక శ్రావణంలో ఆమె అక్కడి నాచు మీద జారిపడింది. ఎముక విరగలేదుగానీ ఆ సాయంత్రం నాన్న అన్నం సరిగ్గా తినలేదు. పెంకులు తీయించి రేకులు వేయించాలి, మామ్మకి తలుపున్న స్నానాలగది కట్టించాలి అన్నారు. వారం తిరక్కుండా ఇళ్ల బాగుకు అప్పులిచ్చే కంపెనీ ఏజెంటు ఒకాయన మా అరుగు మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. నాన్న వాటిని తిన్నగా నా చేతికిచ్చారు.

"మా బుల్లి ఇంగ్లీషు మీడియమండి. అది చదివిందంటే ఇంక ప్లీడరుగారితో పనిలేదు."

లక్ష రూపాయలు, అయిదేళ్లు, వడ్డీ ఏడాదికి పన్నెండు శాతం అని చదివాను. నాన్న వేళ్ల మీద లెక్కేసి, "రూపాయి వడ్డీయే! ఊళ్లో రెండు రూపాయలకి తక్కువెవరిస్తున్నారండీ?" అని సంతోషపడ్డారు. మా వైపు రూపాయి వడ్డీ అంటే నూటికి నెలకో రూపాయి. అసల్లో కొంత తీరుస్తూపోతే మిగిలినదాని మీదే వడ్డీ పడుతుంది, అది చంటిపిల్లలకి కూడా తెలిసిన సంగతి. కానీ ఆ పన్నెండు పక్కన ఇంకో మాట ఉంది, అదీ పైకి చదివాను.

"ఫ్లాట్ అనుందమ్మా? అంటే ఏంటి?" అడిగారు నాన్న.

నాకు తెలియదు. ఇంగ్లీషు వాచకంలో పట్నంలోని ఫ్లాటులో ఉండే కుటుంబం గురించి ఒక పాఠం ఉండేది, అదొక్కటే తెలుసు. తెలియదని అనడానికి నోరు రాలేదు. ఏజెంటు చూస్తున్నాడు, గుమ్మంలో అమ్మ చూస్తోంది, మామ్మ మంచం మీద లేచి కూర్చుంది.

"ఫ్లాట్ అంటే ఇల్లు నాన్నా. ఇది ఇంటికోసం ఇచ్చే అప్పు కదా, అందుకని రాశారు."

ఏజెంటు నావైపు చూసి చిన్నగా నవ్వాడు. "ఆయ్, చదువుకున్న పిల్లండి," అన్నాడు. నాన్న సంతకం చేశారు. అన్నీ అయ్యేసరికి మొత్తం ఎంత కడతామని మాలో ఒక్కరమూ అడగలేదు. ఆ రాత్రి మామ్మ నాకొక పూతరేకు ఎక్కువ పెట్టింది, నేను తిన్నాను.

కాగితాల ఖర్చులని, ఇన్సూరెన్సని పట్టుకోగా చేతికి తొంభైనాలుగు వేలే వచ్చాయి. రేకులు పడ్డాయి. స్నానాలగది గోడలు ఛాతీ ఎత్తుకు లేచి ఆగిపోయాయి. "రెండేళ్లాగితే సగం తీరుద్ది, వడ్డీ తగ్గుద్ది, అప్పుడు పూర్తి చేద్దాం," అన్నారు నాన్న. ఆ సగం గోడల మీద పాత తడికలే కట్టారు.

రెండేళ్లకి నన్ను వెంటబెట్టుకుని ఆఫీసుకెళ్లారు. నలభైవేలు అసలు తీరింది, మిగిలిన అరవైకి నెలకి ఆరువందలు కదా వడ్డీ, వెయ్యి ఎందుకు తీసుకుంటున్నారని అలవాటైన గొంతుతో, నవ్వుతూనే అడిగారు.

"ఫ్లాటని రాసుంది గదండీ," అన్నాడు గుమస్తా. "అసలు తగ్గినా, మొదటి లక్ష మీదే చివరిదాకా వడ్డీ."

"ఫ్లాటంటే ఇల్లు కదండీ?"

గుమస్తా ముందు నవ్వాడు, తర్వాత పక్క బల్లవాడు నవ్వాడు, వరసలో ఉన్నవాళ్లు కూడా నవ్వారు. "మీకా సంగతి ఎవరు చెప్పేరండి బాబూ?"

నాన్న నావైపు చూడలేదు.

"నేనే అనుకున్నానండి," అన్నారు.

అప్పుడైనా నోరు విప్పాల్సింది. నేలమీద పలకల గీతలు లెక్కపెడుతూ నిలబడ్డాను. ఆరోజు డైరీలో "వాన" అని మాత్రం రాశాను. వాన పడనేలేదు.

తొంభైనాలుగు వేలు తీసుకుని లక్షా అరవైవేలు కట్టాం. మామ్మ ఆ సగం గోడల మధ్య నాలుగు వానాకాలాలు స్నానం చేసింది, ఆఖరి వాయిదాకి ఏడాది ముందు పోయింది. గదికి కప్పూ తలుపూ ఆ తర్వాత వచ్చాయి. ఇప్పుడు మా వీధిలో తడికలు అల్లేవాళ్లు లేరు, పెంకుటిళ్లూ లేవు, కాలవగట్టు మీద సిమెంటు రోడ్డు పడింది.

పోయినవారం వంటింటి గచ్చు మార్పించడానికి అప్పు కోసం నేనూ నాన్నా అమలాపురం వెళ్లాం. నాన్న పెన్ను అందుకోగానే అక్కడి అమ్మాయిని, చేతికెంతొస్తుంది, ఆఖరి వాయిదాకి మొత్తమెంత కట్టి ఉంటాం అని అడిగాను. ఆమె చీటీ మీద రాసిచ్చింది. ఆ అంకె చూసి నాన్న పెన్ను కింద పెట్టారు.

బయటికొచ్చాక అన్నాను. "నాన్నా, అప్పుడు నాకు తెలీదు. తెలీదని చెప్పలేకపోయాను."

"తెలుసులేమ్మా. తెలీదంటే ఇంకొకర్ని అడిగేవాణ్ణి కదా," అన్నారాయన, నిష్ఠూరంగా కాదు, ఉన్న సంగతి చెప్పినట్టు. రోడ్డవతల బ్యాంకు వైపు చూపించారు. "అక్కడ వడ్డీ తగ్గే రకం ఉందేమో కనుక్కో."

"మీరు కూడా రండి. మీరే అడగండి."

"నువ్వెళ్లమ్మా, నేనిక్కడుంటాను," అన్నారు, ఊరందరినీ పలకరించిన మా నాన్న. "ఆఫీసుల్లో అడగాలంటే నాకు సిగ్గేస్తుంది."