జహంగీర్ చీటీల కట్ట

ఇరవై ఎనిమిదేళ్లు ఒక చీటీల కట్ట నా సొరుగులో ఉండిపోయింది. తూస్తే పావు కిలో కూడా ఉండదు. దాని బరువు మోసిన నాకే తెలుసు. ఈ మాట మీకు చెప్పేస్తే తప్ప నాకు ఊపిరాడదు.

గద్వాలలో డిగ్రీ చదివేటప్పుడు మాకు ఇంగ్లిషులో ఒక పాత విషాద నాటకం ఉండేది. రాజును చంపి గద్దెనెక్కినవాడి కథ. పేజీ నిండా కొరుకుడుపడని మాటలు. నా దోస్తు జహంగీర్ అయిజలో దర్జీ కొడుకు. కొలతలు రాసే చీటీల వెనక ఒక్కో మాటా, దాని కింద మన భాషలో అర్థమూ రాసి, సూదీదారంతో గుచ్చుకునేవాడు. మిషను తొక్కుతూ వల్లెవేసేవాడు. ‘రిమోర్స్’కు అతను రాసుకున్న అర్థం: ‘చేసినంక లోపల గీరుడు.’ ఏ నిఘంటువు అలా చెబుతుంది?

ఆ కట్టను అతని సంచిలోంచి తీశాను. ఎందుకు? అడిగితే ఇచ్చేవాడే. అయినా తీశాను. అన్నీ నోటుబుక్కులో ఎక్కించి నావేనని మా సారుకు ఇచ్చాను. ఆయన మురిసిపోయి క్లాసులో చదివారు. జహంగీర్ లేచాడు.

“సార్, గవి నేను రాసుకున్నయి.”

“ఏవి నీ చీటీలు? చూపెట్టు.”

“పోయినయి సార్. వీనికి తెలుసు. దోస్త్, నువ్వన్న చెప్పు!”

“నాకేం తెల్వదు సార్. లాగు కొలతల మీద నాటకం రాస్తడా ఎవడన్న?” అన్నాను.

క్లాసంతా నవ్వింది. కట్ట అప్పుడు నా కాళ్ల దగ్గరి సంచిలోనే ఉంది. ఆ తర్వాత అతను కాలేజీకి రాలేదు.

నేను వనపర్తిలో ఇంగ్లిషు లెక్చరర్నయ్యాను. ఆ అర్థాలతోనే పేరు తెచ్చుకున్నాను. ‘యూసర్పర్’ అనే మాటను మాత్రం ఏటా గబగబా దాటేసేవాణ్ణి. చీటీలో అతని అక్షరాలు: ‘ఇంకొకని గద్దె మీద కూసున్నోడు.’ ఎవరి గురించి చెబుతున్నాను నేను? పిల్లలకు తెలియకపోయినా, నల్లబల్ల వైపు తిరిగి నిలబడ్డ ప్రతిసారీ నా వీపు వెనక ఆ పాత క్లాసు ఇంకా నవ్వుతూనే ఉన్నట్టు అనిపించేది.

ఈ ఏడాది ఆ మాట దగ్గర సుద్దముక్క కింద పెట్టి, పిల్లలకు అంతా చెప్పేశాను. మర్నాడే అయిజ వెళ్లి అతని దుకాణంలో నిలబడి చెప్పాను. మెడలో టేపుతో చివరిదాకా విన్నాడు. ఆ పిల్లల ముందు తానొకసారి మాట్లాడాలన్నాడు. అంతే.

వచ్చాడు. కట్ట బల్ల మీద పెట్టాను. అతను దాన్ని విప్పలేదు. మొదటి చీటీ నుంచి చివరిదాకా, మాట వెంట మాట, అర్థం వెంట అర్థం, ఒక్కటి తప్పకుండా చూడకుండానే చెప్పాడు! పిల్లలు బెంచీల మీదికెక్కి చప్పట్లు కొట్టారు. చివరి బెంచీలో కూర్చున్న నేను అరచేతులు మండేదాకా కొట్టాను. అంత గొప్ప పాఠం ఆ గదిలో నేనెన్నడూ చెప్పలేదు.

నన్ను మాఫ్ చేశానని అతను అనలేదు. నేను అడగలేదు. కట్ట జేబులో పెట్టుకుని అయిజ బస్సెక్కాడు.

సొరుగు ఖాళీ అయింది. రేపటి పాఠంలో ‘రిమోర్స్’ వస్తుంది. ఆ అర్థం ఎవరు రాసిందో చెప్పి మొదలుపెడతాను.